కోతకు ముందు పొగాకు లంకలో

మా చెల్లెలు సుభద్ర మంగళవారం పొద్దున్నే ఫోన్ చేసి, "అన్నయ్యా, నువ్వొకసారి లంకకు రావాలి" అంది. మా ఇంట్లో ఇలా మాట్లాడే అలవాటు లేదు. వస్తే సంతోషమంటాం, రాకపోతే ఊరుకుంటాం. ఆమె నోట 'రావాలి' అన్న మాట విన్నాక కారణం అడగడం నాకు మర్యాద అనిపించలేదు. బుధవారం పొద్దున్న బండికి బయలుదేరుతున్నానని మాత్రం చెప్పి, స్కూలుకు సెలవుచీటీ పంపించాను. నేను నరసాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను.

ఆ లంక సంగతి కొంచెం చెప్పాలి. మొగల్తూరులో మా ఇంటిని ఇప్పటికీ దివాణం అనే పిలుస్తారు. మా తాతగారి రోజుల్లో కొవ్వూరుకు ఎగువన గోదావరి మధ్య ఒక లంక మొత్తం మాది. అందులో కొంత గోదావరి కోసుకుపోయింది, మిగిలినదాంట్లో చాలా భాగం కోర్టులు కోసుకుపోయాయి. ఇప్పుడు మా అన్నాచెల్లెళ్ల పేరు మీద మిగిలింది మూడెకరాలు. సుభద్ర, మా బావ సుబ్బరాజు అక్కడే ఇల్లు వేసుకుని ఆ మూడెకరాల్లో పొగాకు పండిస్తున్నారు. సిగరెట్లలోకి వెళ్లే పొగాకు కాదు, చుట్టల ఆకు. వరద తీసిన ఒండ్రు మీద దీపావళి దాటాక నాటితే మాఘం చివరికి కోతకు వస్తుంది. రెండేళ్లుగా ఆ ఆకు వాళ్ల చేతికి రాలేదు. ఒక ఏడు వరద ఆలస్యంగా తీసి నాట్లు వెనకబడ్డాయి. నిరుడు సరిగ్గా కోతకు ముందు వాన పడింది. ఈసారి కూడా పోతే లంక వదిలేస్తామని సంక్రాంతికి ముందే మా బావ నాతో అన్నాడు. ఆ మూడెకరాలు పోతే ఇక మాదని చెప్పుకోవడానికి గోదావరిలో నీళ్లు తప్ప ఏమీ ఉండదు.

బుధవారం ఆరున్నరకు మొగల్తూరులో బస్సెక్కి నరసాపురం చేరి, నిడదవోలు వెళ్లే పాసింజరు అందుకున్నాను. ఈ దారిన వెళ్లదలచినవాళ్లు కిటికీ పక్క సీటు కావాలంటే నరసాపురంలోనే ఎక్కాలి. పాలకొల్లులో ఎక్కేవాళ్లకు కిటికీ దొరకడం కష్టం. పాలకొల్లులో ఒకావిడ ఎండుచేపల బుట్టతో ఎక్కి, నా ఎదురుగా ఉన్న ఖాళీని, నా తెల్ల లాల్చీని చూసి ఆగిపోయింది.

"మా బుట్ట వాసన మీ గంజి బట్టలకి అంటుకుంటుందేమోనండి" అంది.

"రైలుబండి అందరిదీనమ్మా, కూర్చోండి" అన్నాను.

ఆమెది అంతర్వేది వైపు పల్లెట. తణుకు సంతకు వెళుతోంది. నేను పొగాకు లంకకు అని చెప్పగానే బుట్ట మీది గోనెగుడ్డ సర్దుతూ నవ్వింది. "మా అత్త లంక చుట్ట తప్ప ఇంకోటి ముట్టేది కాదండి. బూడిద మల్లెపువ్వులా తెల్లగా నిలబడాలనేది. నల్లగా రాలిందంటే ఆ చుట్టా పారేసేది, కొనుక్కొచ్చిన మా మావనీ తిట్టేది." తణుకులో దిగేటప్పుడు, "మీ ఆకు బాగా రావాలండి" అని బుట్ట నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

నిడదవోలులో బండి మారాలి. గంటకు పైగా వ్యవధి ఉంది. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ తిన్నాను, చట్నీ నీళ్లగా ఉన్నా వేడిగా ఉంది. టీ మాత్రం స్టేషను బయట తాగడం మేలు. రాజమండ్రి వైపు బండి ఎక్కి కొవ్వూరులో దిగేసరికి పన్నెండు దాటింది. అక్కడినుంచి ఎగువకు ఏటిగట్టు మీద షేరు ఆటో, ఆ తరువాత రేవు. లంకకు వెళ్లే ఇంజను పడవ మనుషులు నిండితేనే కదులుతుంది. ఆ రోజు నాతో కలిపి నలుగురు, రెండు సైకిళ్లు, ఒక గ్యాసు బండ.

పడవ నడిపే సత్తిబాబు నన్ను చూసి గుర్తుపట్టాడు. "సుభద్రమ్మగారి అన్నగారు కదండీ? ఆయ్, తోట పిలకలెక్కిపోయిందండి. ఎవరూ చెయ్యేయట్లేదు."

"కూలీలు దొరకడం లేదా?"

"లంక నిండా కూలీలేనండి. కాకపోతే సుభద్రమ్మగారు నాతో కబురంపారండి. 'ముఠాకి చెప్పు, రేపు రమ్మని' అని. నేను చెప్పానండి, ఎవరూ కదల్లేదండి. ఇక్కడ కోత పనికి కబురు మీద ఎవరూ రారండి. పిలుపు మీదే వస్తారు."

"పిలుపంటే?"

"తోట ఎవరిదో వాళ్లే ఇల్లిల్లూ తిరిగి పిలవాలండి. నిరుటిదాకా సుబ్బరాజుగారు తిరిగేవారు. ఈ ఏడు ఆయన కాలు విరిగి మంచం మీదున్నారు కదా."

లంక దగ్గరపడే కొద్దీ ఇసుక మేటలు దాటి పొగాకు తోటలు కనిపించాయి. నడుము ఎత్తు మొక్కలు, ఏనుగు చెవుల్లాంటి ఆకులు, అంచులు కొంచెం పండుబారి గాలికి బరువుగా కదులుతున్నాయి. కొన్ని తోటల్లో అప్పుడే కోతలు మొదలయ్యాయి. మా తోట ఏదో ఎవరూ చూపించక్కర్లేకపోయింది. ప్రతి మొక్కకూ ఆకు పంగలోంచి లేత పచ్చ పిలకలు లేచి, తోటంతా దువ్వని తలలా ఉంది.

పొగాకుకు పూమొగ్గ కనపడగానే తల తుంచేస్తారు, బలం ఆకులోకి దిగాలని. తల తుంచిన మొక్క ఊరుకోదు, ప్రతి ఆకు మొదట్లోనూ పిలక వేస్తుంది. ఆ పిలకలు ఎప్పటికప్పుడు గిల్లకపోతే ఆకు పలచబడిపోతుంది. కోతకు ముందు ఆఖరుసారి తోటంతా పిలకలు తీసి, నీళ్లు ఆపేసి, ఆకు గట్టిపడి దాని మీద బంక ఊరేదాకా ఆగాలి. ఆ బంకలోనే ఆకు ఘాటంతా ఉంటుంది. అంతా అయి, కోతకు ఒక్క రోజు ముందు పెద్ద వాన పడిందా, బంక కడుక్కుపోతుంది. ఆకు ఆకులాగే కనిపిస్తుంది, కాలిస్తే ఎండుగడ్డి. నిరుడు మా బావకు జరిగింది ఇదే.

సుభద్ర అన్నం వడ్డించింది. వంకాయ పులుసుపచ్చడి, గోదావరి చేప. కాలికి కట్టుతో మంచం మీద కూర్చున్న మా బావ సెల్‌ఫోన్ నా ముందు పెట్టాడు. "చూడండి బావగారూ, ఆదివారం వాన చూపిస్తోంది. బంగాళాఖాతంలో ఏదో పట్టిందంటున్నారు. శనివారం పొద్దుపోయేలోగా ఆకు పాకలోకి చేరాలి. ఆదివారం ముఠా పని చెయ్యదు, చర్చికి వెళ్తారు. అంటే మనకున్నది శనివారమొక్కటే. దానికి ముందు పిలకలు తియ్యాలి."

"పిలుపు సంగతి నీకు తెలియదా?" అని చెల్లెల్ని అడిగాను.

ఆమె వెన్ను నిటారుగా పెట్టింది. మా నాన్నగారు అచ్చం అలాగే నిలబడేవారు. "తెలుసు. మన నాన్నగారు ఎప్పుడైనా ఒకరి గుమ్మం ముందు నిలబడి పనికి రమ్మన్నారా? మనింట్లో కబురంపితే వచ్చేవారు."

"నేను చెప్పాను బావగారూ" అన్నాడు మా బావ. "మొగల్తూరు దివాణానికి వచ్చినట్టు ఇక్కడ రారు సుభద్రా అని. వింటేనా?"

ఆమె చెప్పినది తప్పని నేను ఇప్పటికీ అనను. మా ఇంటి పద్ధతి అది, ఆ పద్ధతిలో మేమిద్దరం పెరిగాం. కానీ పద్ధతి అన్నది ఊరికి సంబంధించినది కూడా. లంకలో పద్ధతి వేరైనప్పుడు, అక్కడి నేల దున్నుకుంటూ మొగల్తూరు పద్ధతి నడిపించడం కుదరదు. అన్నం తిని చేయి కడుక్కుని, "నడు, వెళ్దాం" అన్నాను. ఆమె చాలాసేపు నా ముఖం చూసి, చీర కొంగు నడుముకు దోపుకుని వెనకే వచ్చింది.

ముఠా వాళ్లంతా లంక తూర్పు కొసన ఉంటారు. లూథరన్ చర్చి చుట్టూ ఇళ్లు. బొట్టుపెట్టి పిలిచే ఇళ్లు కావు, పేరు పెట్టి పిలవాలి. ఇంట్లో పనికి వచ్చే ప్రతి మనిషినీ విడిగా, పేరుతో. ఒకరిని మరిచిపోతే ఆ ఇల్లు మొత్తం రాదు. దారిలో సుభద్ర నాకు పేర్లు చెబుతూ వచ్చింది. పిల్లలకు పద్యం అప్పగించే నేను పద్యంలా బట్టీ పట్టాను.

ముఠా పెద్ద రాహేలమ్మ. యాభై ఏళ్లుంటాయి. వాకిట్లో తాటినార పురి పెడుతూ తలెత్తకుండానే అంది, "అబ్బో! కబురుకి కూడా కాలు విరిగిందాండీ, మనుషులే వచ్చారు?"

చుట్టుపక్కల వాకిళ్లలోంచి నవ్వులు వినిపించాయి. సుభద్ర ముఖం ఎర్రబడింది. నేను గుమ్మం ముందు నిలబడి, "రాహేలమ్మగారూ, రేపు మా తోటకి పిలకలకి రండి, శనివారం కోతకి రండి" అన్నాను.

ఆమె అప్పుడు తలెత్తింది. నన్ను తలనుంచి పాదాలదాకా చూసింది. "మీరా సుభద్రమ్మగారి అన్నగారు? ఇద్దరూ ఒకే కర్ర మింగినట్టున్నారండి" అంది. తరువాత సుభద్ర వైపు తిరిగింది. "అమ్మగారూ, మీ నోటితో?"

సుభద్ర గొంతు సర్దుకుంది. "రాహేలూ, రేపు రా. శనివారం కూడా రా. నీ కోడలు రూతుని కూడా పిలుస్తున్నాను. రూతూ, రా అమ్మా."

"ఆయ్, ఇప్పుడు వస్తామండి" అంది రాహేలమ్మ, అంత తేలిగ్గా. నాకు ఆశ్చర్యం వేసింది. ఇంతసేపూ ఆగింది ఆ ఒక్క మాట కోసమేనా? అలాగే ఇల్లిల్లూ తిరిగాం. ఒకచోట మంచినీళ్లిచ్చారు, ఒకచోట కుక్క కరవబోయింది, ఒకచోట ఇంటాయన మా తాతగారి గుర్రం గురించి తన తాత చెప్పిన కథ మొదలుపెట్టి సూర్యాస్తమయందాకా ఆపలేదు. మూడో వీధి నుంచి సుభద్ర నాకంటే ముందు నడవడం మొదలుపెట్టింది.

అన్ని ఇళ్లూ అయిపోయి వెనక్కి వస్తుంటే రాహేలమ్మ అరుగు మీద ఒక ముసలామె కర్ర నేలకేసి కొట్టింది. రాహేలమ్మ అత్తగారు, మరియమ్మ. "అందరినీ పిలిచారు, నేను చచ్చిపోయాననుకున్నారా?"

"పని చెయ్యలేరు కదమ్మా అని..." అంది సుభద్ర.

"పిలకలు మీరే గిల్లుకోండి. శుక్రవారం ఆకు ఎవరు చూస్తారు? మీ బావా?" అని నావైపు గడ్డం ఎగరేసింది.

రాహేలమ్మ నవ్వుతూ వివరించింది. లంకలో కోతకు ముందు రోజు తోట నడిమధ్యనుంచి ఒక ఆకు తెచ్చి, పెనం మీద వాడ్చి చుట్ట చుట్టి అందరికంటే పెద్దావిడ కాలుస్తుంది. బూడిద తెల్లగా నిలబడితే తెల్లారి కోత. నల్లగా రాలితే ఇంకో రెండు రోజులు ఆగాలి. ఆ మాట కాదని ఎవరూ కొడవలి పట్టరు. మేమిద్దరం మరియమ్మగారిని కూడా పేరు పెట్టి పిలిచాం. ఇంటికి వెళ్లేదాకా సుభద్ర నవ్వు ఆపుకుంది. గుమ్మం దాటాక ఆపుకోలేదు. చిన్నప్పటి తరువాత ఆమె అలా నవ్వడం నేను చూడలేదు.

గురువారం మంచు ఆరాక ముఠా తోటలో దిగింది. వరసకొకరు. ఆకు చిరగకుండా రెండు వేళ్లతో పిలకను మొదటికంటా వంచి తుంచాలి. కొంచెం మిగిలితే మళ్లీ వేస్తుంది. ఒకామెకు జ్వరం వచ్చి ఆగిపోయింది. ఒక వరస ఖాళీగా ఉంది. గట్టు మీద గొడుగు వేసుకుని కుర్చీలో కూర్చోవడం నాకు బాగా అనిపించలేదు. నా తోట, నా పేరు మీదిది. పంచె ఎగ్గట్టి, ఆ ఖాళీ వరసలోకి దిగాను.

"రాజుగారూ, మీ తెల్ల పంచె ఇక తెల్లగా ఉండదండి" అని పక్క వరసలోంచి రూతు హెచ్చరించింది.

అలాగే అయింది. పొగాకు బంక మొదట చేతికి తేనెలా అంటుకుని, గాలి తగిలాక తారులా నల్లబడుతుంది. సబ్బుకు లొంగదు. మధ్యాహ్నానికి నా చేతులు మణికట్టు దాకా నల్లగా మెరుస్తున్నాయి, తల దిమ్ముగా ఉంది. కొత్తవాళ్లకు ఆ ఘాటు తలకెక్కుతుందట. నీడలో కూర్చోబెట్టి రాహేలమ్మ మజ్జిగ ఇచ్చింది. వాళ్ల మాటలు వింటూ కూర్చున్నాను. చర్చిలో కోతల పండగ వస్తోందట. పండిన పంట తెచ్చి బలిపీఠం ముందు పెట్టి వేలం వేస్తారు. పొగాకు మాత్రం పాస్టరుగారు గుమ్మం దాటనివ్వరు. "అందుకని పొగాకు తోటలో పండిన గుమ్మడికాయ తీసికెళ్తామండి" అంది రూతు. "దేవుడికి ఆమాత్రం తెలియదేంటండీ, ఏ ఎరువు తిని పెరిగిందో!" అందరూ నవ్వారు.

తోట పూర్తయ్యేసరికి పొద్దు గోదావరి మీదికి వాలింది. పిలకలు పోయిన తోట ఒక్కసారిగా శుభ్రంగా, కొంచెం ఖాళీగా కనిపించింది. క్షవరం చేయించుకున్న మనిషిలా ఉందన్నాడు మా బావ, కర్ర సాయంతో గట్టుదాకా వచ్చి.

శుక్రవారం చెయ్యడానికి తోటలో ఏమీ లేదు. అదే కష్టమైన రోజు. పాకలో పాత తాటాకు మార్చారు, ఆకు గుచ్చి తోరణాలు వేలాడదీయడానికి తాళ్లు బిగించారు. దక్షిణం నుంచి తేమగాలి తిరిగింది. పదిసార్లు తోటలోకి వెళ్లి ఆకు ముట్టుకుని వచ్చాను. మధ్యాహ్నానికి ఆకు మీద చెయ్యి పెడితే వదలకుండా పట్టుకుంటోంది. ఈనె దగ్గర మడిస్తే టప్ మని విరుగుతోంది. మా బావ ప్రతిసారీ మంచం మీంచే అడిగాడు, "ఎలా ఉందండి?" నేను ప్రతిసారీ "బాగుంది" అన్నాను. ఆ మాట అనే అర్హత నాది కాదని ఇద్దరికీ తెలుసు.

అయిదు గంటలకు మరియమ్మ వచ్చింది. చుట్టూ ముఠా అంతా కూర్చున్నారు. తోట నడిమధ్యనుంచి ఒక ఆకు తెమ్మని నాకు చెప్పింది. నేను వెళ్లి, తోటలో అన్నిటికంటే పెద్దదీ, మచ్చలేనిదీ చూసి కోసుకొచ్చాను. పెనం మీద వాడ్చి, చుట్ట చుట్టి, వెలిగించింది. మేమంతా ఆ నిప్పు వైపే చూస్తున్నాం. బూడిద పావంగుళం పెరిగింది. నల్లగా ఉంది. ఊడి ఆమె ఒళ్లో రాలింది.

సుభద్ర పాక గుంజ పట్టుకుంది. కోత రెండు రోజులు ఆగితే ఆదివారం వాన ఆకు మీదే పడుతుంది. ఆపైన కొయ్యడానికి కూడా ఏమీ మిగలదు.

మరియమ్మ చుట్ట నేలకేసి నలిపి, నావైపు చూసింది. "ఎక్కడిదీ ఆకు?"

"తోటలోది."

"తోటలో ఎక్కడిది అంటున్నాను. ఇంత వెడల్పు ఆకు నడిమధ్య ఎక్కడుంది? కాలవ గట్టు పక్కది కదూ? నీళ్లు తాగి తాగి బలిసింది. నేను అందాల పోటీకి తెమ్మన్నానా నాయనా?"

నిజమే. దివాణం ఆకు మంచిదై ఉండాలని గట్టు పక్క ఆకు కోశాను. సుభద్ర నా జవాబు కోసం ఆగకుండా తోటలోకి పరిగెత్తింది. మోకాళ్ల మీద వంగి, సరిగ్గా నడుమనుంచి, పురుగు కొట్టిన కన్నంతో ఒక మామూలు ఆకు తెచ్చింది. మళ్లీ పెనం, మళ్లీ చుట్ట. మరియమ్మ వెలిగించబోయి ఆగి, "నాకు నిప్పు నోట్లో పెట్టుకుంటేనే రుచి. మీకు బూడిద చూపించడానికి బయటపెడుతున్నా, తెలుసుకోండి" అంది.

మొదటి పొగకే ఆమె కళ్లు మూసుకుంది. మేం మాత్రం చుట్ట కొస వైపే చూస్తున్నాం. బూడిద పెరిగింది. లేత బూడిద రంగు, తరువాత తెలుపు. గాలి వీచినా రాలలేదు. వేలెడు పొడుగున, వంగకుండా నిలబడింది.

"రేపు కోసుకోండి" అంది మరియమ్మ. చుట్ట మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. పూర్తిగా కాల్చుకుని, కర్ర పుచ్చుకుని వెళ్లిపోయింది. పాక వెనక్కి వెళ్లి సుభద్ర కళ్లు తుడుచుకుంది. నేను చూడనట్టు నిలబడ్డాను.

శనివారం గురించి రాయడానికి ఎక్కువేమీ లేదు, అంత పని జరిగింది. మంచు ఆరేదాకా ఆగి మొదలుపెట్టారు. కోసిన ఆకును ఎండకు కొంచెం వడలనిచ్చి, చేతుల నిండా పాకకు చేర్చడం, గుచ్చడం, కట్టడం. మధ్యాహ్నం తరువాత దక్షిణాన మబ్బు నల్లబడింది. పిలవని ఇళ్లలోంచి కూడా నలుగురైదుగురు వచ్చి చెయ్యి కలిపారు. "మమ్మల్ని పిలవలేదండి, అయినా వచ్చాం, వచ్చే ఏడు పిలవాలి మరి" అని ఒకతను సుభద్రతో అన్నాడు. "పిలుస్తాను, నీ పేరేంటి?" అంది ఆమె. యోహానట. రెండుసార్లు అనుకుని గుర్తుపెట్టుకుంది. చీకటి పడే వేళకు తోటలో మోళ్లు మాత్రం మిగిలాయి. పాకలో తోరణం కింద తోరణం, నిలబడితే తలకు తగిలేటట్టు ఆకు. ఆ వాసన మధ్య మా బావ కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. అన్నానికి పిలిచినా లేవలేదు.

ఆదివారం పది గంటల పడవకు బయలుదేరాను. చర్చి గంట కొడుతోంది. రేవు దారిలో రాహేలమ్మ తెల్లచీరలో, చేతిలో బైబిలుతో ఎదురైంది. వేళ్లు నావిలాగే నల్లగా ఉన్నాయి. "వందనాలండి రాజుగారూ" అంది. "వందనాలండి" అన్నాను. సుభద్ర రేవుదాకా వచ్చి పడవ కదిలేదాకా నిలబడింది. వచ్చే ఏడు కూడా వేస్తామంది. నేను అడగలేదు.

కొవ్వూరులో రాజమండ్రి నుంచి వచ్చే బండి, నిడదవోలులో నరసాపురం బండి. ఆదివారం కాబట్టి రద్దీ. నా ఎదుట అన్నవరం వెళ్లివస్తున్న కుటుంబం కూర్చుంది. వాళ్లది భీమవరం. తల్లి విస్తరాకు పొట్లం విప్పి ప్రసాదం పంచుతూ నాకూ ఇవ్వబోయి, చాచిన నా అరచెయ్యి చూసి ఆగింది.

"చేతులకేమైందండీ? మెకానిక్ షెడ్డాండీ?"

"పొగాకు బంకండి. మా తోట కోశాం. కడిగిందే, వదలదు."

"అయ్యో, పరవాలేదండి" అని ప్రసాదం పెట్టింది. వెన్ను నిటారుగా పెట్టుకుని, ఆ నల్లని చేత్తోనే తిన్నాను. నెయ్యి ఘుమఘుమలాడుతోంది.

తణుకు దాటాక మొదటి చినుకులు పడ్డాయి. అత్తిలి వచ్చేసరికి కుండపోత. కిటికీ షట్టర్లు వరసగా దిగాయి. ఫోన్ మోగింది.

"అన్నయ్యా" అంది సుభద్ర. వెనక తాటాకు మీద వాన చప్పుడు వినిపిస్తోంది. "ఇక్కడ వాన పడుతోంది."

"పడనివ్వమ్మా" అన్నాను.

ఆమె ఏదో అంది. వినపడలేదు, నవ్వు మాత్రం వినపడింది. భీమవరం ఆయన నా షట్టరు వైపు చెయ్యి చాపి, "దించుకోండి, తడిసిపోతున్నారు" అన్నాడు. కాసేపు ఉండనివ్వండని బతిమాలుకున్నాను. బయట వరిచేల మీద, చేపల చెరువుల మీద వాన ఒకేలా పడుతోంది. ఎవరి పంటకో అది మేలు, ఎవరికో కీడు. మాకు మాత్రం ఈసారి అది వాన, అంతే. ఆ ఒక్క రోజుకు అంతకంటే కోరుకోవలసిందేమీ నాకు తోచలేదు.